మిద్దె నీళ్లు బోరులోకి దింపే ముందు

చిత్తూరు,
ఆదివారం

అమ్మణ్ణీ,

తిరుపతిలో మహిళా యూనివర్సిటీ దగ్గరి స్థలంలో మూడంతస్తుల లేడీస్ హాస్టలు కడుతున్నావంట. వాన చుక్క ఒక్కటి కూడా మోరీలోకి పోకూడదని ఇంజినీరుతో పంతం పట్టావంట. మీ అమ్మ ఫోనులో చెప్పింది. బతుకంతా బేల్దారి పని చేసినోణ్ణి, నీళ్ల గురించి తనంతట తాను అడిగిన ఇంటి ఓనరును నేను చూడలేదు. టైల్సు అడుగుతారు, గేటు డిజైను అడుగుతారు. ఆ రోజంతా మీ పెద్దమ్మకు నీ గొప్పలే చెప్పాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో రాస్తా, చదువు.

చిన్న పనులు నీకు తెలిసినవే. కొళాయిలకు జాలీ మూతలు, ఫ్లష్‌కు రెండు బటన్ల తొట్టి, ట్యాంకు నిండగానే మోటారు ఆపే ఫ్లోటు స్విచ్చి, అంతస్తుకొక మీటరు. ఆర్వో మెషిను ఒక గ్లాసు మంచినీళ్లు ఇచ్చేలోపు రెండు మూడు గ్లాసులు బయటికి వదిలేస్తుంది, ఆ పైపును డ్రమ్ములోకి తిప్పితే బాత్రూములు కడగడానికి పనికొస్తాయి. వంటింట్లో వాడిన నూనె మోరీలో పోయనివ్వకు. ‘నీళ్లు పొదుపుగా వాడండి’ అని గోడ నిండా బోర్డులు మాత్రం పెట్టొద్దు. పరీక్షలప్పుడు పిల్లలకు అవి కంటికి ఆనవు. కొళాయి కారుతోందని ఒకమ్మాయి చెప్తే ఆ సాయంత్రానికే వాషరు మార్పించు, ఇంకోసారి కారితే తనే వచ్చి చెప్తుంది.

1200 చదరపు అడుగుల మిద్దె మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 5,500 లీటర్లు. తడికీ ఆవిరికీ కొంత పోయినా దాదాపు ఒక ట్యాంకరు. కానీ అంతస్తులు మూడైనా మిద్దె ఒకటే కదా, వాడకం మూడింతలు. కార్పొరేషన్ కొళాయి ఉందిలే అనుకోకు. ఆ నీళ్లు కళ్యాణి డ్యాము నుంచి రావాలి, లేదంటే కండలేరు నుంచి రావాలి. కండలేరుకేమో శ్రీశైలం నుంచి కృష్ణ నీళ్లు తెలుగుగంగ కాలవలో రావాలి. అంత దూరం నుంచి వచ్చిన నీళ్లతో పైపు పట్టుకుని బైకులు కడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక అసలు సంగతి. ఇది మీ నాయన చేసిన పని, నీకు గుర్తుండదు.

2003 ఎండలు. పాతింటి బోరులో మోటారు వేస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. మిద్దె మీద పడే వానను బోరులోకి వదిలితే బోరు బతుకుతుందని ఎవరో మీ నాయనకు చెప్పారు. నేను మదనపల్లె పనిలో ఉన్నాను. వచ్చేదాకా ఆగరా అన్నాను, ఆగలేదు. నాలుగంగుళాల పైపు తెచ్చి మిద్దె నుంచి నేరుగా బోరు గొట్టం (కేసింగు) నోట్లో పెట్టేశాడు. మధ్యలో ఇసుక లేదు, కంకర లేదు, గుడ్డ ముక్క కూడా లేదు. మొదటి వానకు మిద్దె మీద ఏముంటుంది? పావురాల రెట్టలు, కుళ్లిన వేపాకు, ఏడాది దుమ్ము. మొత్తం బోరులోకి దిగింది.

మోటారు వేస్తే నీళ్లొచ్చాయి. టీ రంగులో. ‘కొత్త నీళ్లు కదన్నా, అట్లే ఉంటాయి’ అన్నాడు. వారం తిరక్కుండా నీకు వాంతులు, విరేచనాలు. గ్లూకోజు ఎక్కించాలంటే నీ చేతికి నరం దొరకలేదు, నర్సు గుచ్చిన ప్రతిసారీ మీ నాయన తల గోడకేసి తిప్పుకున్నాడు. పక్కింటి బోరులోనూ అదే వాసన. మన కింద ఉండేది బండరాయి, నీళ్లు దాని బీటల్లో నడుస్తాయి. మట్టిలోంచి దిగితే మట్టి వడకడుతుంది, బీటలోకి నేరుగా పోస్తే నువ్వు పోసిన మురికే పక్కింటాయన బిందెలో తేలుతుంది. ఆయన సంక్రాంతి దాకా మనతో మాట్లాడలేదు. బోరులో బ్లీచింగు కలిపి, వాసన పోయేదాకా మోటారు వేసి నీళ్లన్నీ వీధిలోకి వదిలాం. ఊరంతా బిందెలు పట్టుకుని తిరిగే కరువులో! మీ నాయన ఆ పారే నీళ్లను చూస్తూ అరుగు మీద కూర్చుండిపోయాడు. తిట్టాలని వచ్చిన నేను కూడా పక్కన కూర్చున్నాను. వాడి ఆలోచనలో తప్పేముంది?

అందుకని నీ బోరు కేసింగుకు ఎవరు చెప్పినా రంధ్రం పెట్టనివ్వొద్దు, పైపు తగిలించనివ్వొద్దు. బోరు మూతి నేలకు జానెడు పైకి, మూత బిగించి ఉండాలి. మిద్దె నీళ్లు ఇంకడానికి కాస్త ఎడంగా గుంత తవ్వించు, అడుగున సిమెంటు వెయ్యకుండా. కింద పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ముతక ఇసుక. సెప్టిక్ ట్యాంకు స్థలానికి ఒక మూలైతే గుంత ఎదురు మూల. మిద్దె పైపుకు కింద ఒక మూత పెట్టించి మొదటి వానను బయటికే వదిలెయ్. పై ఇసుకను ఏటా తీసి కడగాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపల వాయుగుండాలతో కొడతాయి, కాబట్టి దసరాకు ముందే గుంత అయిపోవాలి.

సంపు మూతకు తాళం. సందు ఉంటే దోమ దూరుతుంది, తీసి ఉంటే పిల్ల పడుతుంది. కడగడానికి ఎవరినీ ఒంటరిగా దించొద్దు, లోపల గాలి ఉందో లేదో పైనుంచి తెలియదు. వానలు ముసురుకున్నప్పుడు అసలు కడిగించొద్దు. 2021 నవంబరు వరదల తర్వాత తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో ఒకావిడ కడుగుతుండగా సిమెంటు ఒరల తొట్టి భూమిలోంచి నిలువెత్తు పైకి లేచింది, గుర్తుందా? జనం వింత చూడ్డానికి పోయారు. నేల నానిపోయి, తొట్టి ఖాళీగా ఉంటే కింది నీళ్లు దాన్ని పడవలా పైకి ఎత్తేస్తాయి. ఆవిడ చిన్న దెబ్బలతో బయటపడింది. ఆ సంగతి విన్నప్పటినుంచి ఎవరు సంపు కట్టినా నాకు గుండె దడే.

ఇసుక లోడు వస్తే పిడికిట్లో పట్టి చూడు. చేతికి మట్టి అంటుకుంటే వెనక్కి పంపించు. లారీవాడు అరుస్తాడు, అరవనీ. గుంత తవ్వడానికి ముందురోజు ఫోను చెయ్యి, మోకాళ్లు సహకరించకపోయినా బస్సెక్కి వస్తా.

ఈ ఉత్తరం మీ నాయనకు చూపించొద్దు. ఆ పైపు నాలుగంగుళాలు కాదు, మూడంగుళాలే అని నాతో వాదనకొస్తాడు.

మీ పెద్దనాయన