1986 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్: బక్నర్ ఒక్కడే ఓడించాడా?

అమెరికా బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో, బోస్టన్ ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే బిల్ బక్నర్ కాళ్ల సందులోంచి బంతి పోవడం వల్లే బోస్టన్ కప్పు పోగొట్టుకుందా, అంత తేలిక బంతి ఎలా వదిలేశాడు అని అడిగారు. ఆ మ్యాచ్ నేను ఆ రాత్రే టీవీలో చూశాను. అప్పుడు మేం న్యూయార్క్‌లో, ఫ్లషింగ్ గణేశుడి గుడికి దగ్గర్లో ఉండేవాళ్లం. మ్యాచ్ జరిగిన షే స్టేడియం కూడా అప్పట్లో అక్కడికి దగ్గర్లోనే ఉండేది. నాకు బేస్‌బాల్ అప్పటికి సగమే అర్థమయ్యేది, మిగతాది మా రూమ్మేట్ విసుక్కుంటూ చెప్పేవాడు.

ముందు అసలు సంగతి. బక్నర్ బంతి వదిలేసరికే స్కోరు 5-5. వీడియోల్లో ఆ ఒక్క బంతే చూపిస్తారు కాబట్టి ఇది చాలామందికి తెలియదు.

అక్టోబర్ 25, శనివారం రాత్రి. ఏడు మ్యాచుల సిరీస్‌లో న్యూయార్క్ మెట్స్ మీద బోస్టన్ రెడ్ సాక్స్ 3-2తో ముందుంది. 1918 తర్వాత వాళ్లకి కప్పే లేదు. మొదటి ఇన్నింగ్స్‌లోనే ఒకాయన మెట్స్ బ్యానర్‌తో ప్యారాచూట్ వేసుకుని గ్రౌండ్‌లో దిగాడు, పోలీసులు పట్టుకెళ్లారు! మామూలుగా ఆట ముగిసే తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి 3-3, అందుకే అదనంగా పదోది ఆడారు. పదో దాంట్లో బోస్టన్ బ్యాటర్ డేవ్ హెండర్సన్ హోమ్ రన్ (మన సిక్స్ లాంటిది) కొట్టాడు, ఇంకో పరుగు కూడా వచ్చి బోస్టన్ 5-3కి వెళ్లింది. తర్వాత మెట్స్ బ్యాటర్లు ఇద్దరు వరసగా క్యాచ్ ఇచ్చేశారు. ఇన్నింగ్స్‌కి మూడు ఔట్లే కాబట్టి ఇంకొక్క ఔట్ చాలు. స్కోర్‌బోర్డు మీద బోస్టన్‌కి అభినందనలు కూడా ఒక క్షణం పడ్డాయి.

అక్కడి నుంచి మెట్స్ తరఫున గ్యారీ కార్టర్ సింగిల్ (ఫస్ట్ బేస్ చేరే షాట్; నాలుగు బేస్‌లూ చుట్టి హోమ్‌కి వస్తేనే పరుగు), కెవిన్ మిచెల్ సింగిల్. రే నైట్‌కి రెండు స్ట్రైకులు పడ్డాయి, మూడోది పడితే కథ కంచికే. అతనూ సింగిల్ కొట్టాడు, కార్టర్ హోమ్‌కి వచ్చాడు, మిచెల్ థర్డ్ బేస్ చేరాడు, 5-4. బోస్టన్ పిచర్‌ని మార్చి బాబ్ స్టాన్లీని దించింది. ఎదురుగా ముకీ విల్సన్. ఫౌల్ మీద ఫౌల్ (గీత బయటికి పోయే షాట్) కొడుతూ నిలబడ్డాడు. ఏడో బంతి కాళ్ల మీదికి వస్తే ఎగిరి తప్పుకున్నాడు. వెనకాల క్యాచర్‌కీ అందలేదు. క్రికెట్లో బైస్ వచ్చినట్టు మిచెల్ పరిగెత్తుకొచ్చి స్కోరు సమం చేశాడు, నైట్ సెకండ్ బేస్ చేరాడు. నా లెక్కలో బోస్టన్ చేతిలోంచి మ్యాచ్ జారింది ఇక్కడే. మా రూమ్మేట్ అరుపులకి పక్క ఫ్లాట్ వాళ్లు గోడ కొట్టారు.

విల్సన్ కొట్టిన పదో బంతి ఫస్ట్ బేస్ వైపు దొర్లుకుంటూ వెళ్లింది, బక్నర్ వంగాడు, కింది నుంచి పోయింది. నైట్ హోమ్‌కి వచ్చేశాడు, మెట్స్ 6-5తో గెలిచింది. ఆ బంతి పట్టి ఔట్ చేసినా బోస్టన్ గెలిచినట్టు కాదు, పదకొండో ఇన్నింగ్స్ ఆడాలి, అంతే.

ఎలా వదిలాడంటే, మనిషికి 36 ఏళ్లు, చీలమండలు పాడైపోయి కుంటుతూ ఆడుతున్నాడు. ఆ సిరీస్‌లో అంతకుముందు బోస్టన్ గెలిచిన మూడు మ్యాచుల్లోనూ చివర్లో అతన్ని తీసి డేవ్ స్టేపుల్టన్‌ని దించిన మేనేజర్ మెక్‌నమారా, ఆ రాత్రి మాత్రం దించలేదు. నన్నడిగితే తప్పులో పెద్ద వాటా ఆయనదే.

అదే ఏడాది ఏప్రిల్‌లో షార్జాలో చివరి బంతికి మియాందాద్ సిక్స్ కొట్టాడు కదా, చేతన్ శర్మకి జరిగిందీ ఇదే. మరుసటి ఏడాది ప్రపంచకప్‌లో హ్యాట్రిక్ తీసినా జనం ఆ సిక్సే గుర్తు పెట్టుకున్నారు. బక్నర్ కెరీర్‌లో 2,715 హిట్లు కొట్టాడు, ఎవరడుగుతారు? బోస్టన్ 2004లో కప్పు గెలిచాక, 2008లో తమ స్టేడియం ఫెన్‌వే పార్క్‌కి బక్నర్‌ని పిలిచి, ఆట మొదలయ్యే ముందు లాంఛనంగా తొలి బంతి వేయించారు, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇంకోటి, ఆరో మ్యాచ్‌తో సిరీస్ అయిపోలేదు. ఆదివారం వానకి ఆగి సోమవారం ఏడోది ఆడారు. అందులో బోస్టన్ 3-0తో ముందుండి కూడా 8-5తో ఓడింది. చూడాలనుకుంటే పదో ఇన్నింగ్స్ మొత్తం చూడండి, ఆ క్లిప్ ఒక్కటి కాదు.