ఆర్డర్లు ఉన్నా చేతిలో డబ్బు లేదు, ఫ్యాక్టరీని నిలబెట్టేదెలా?

హైదరాబాద్ బాలానగర్‌లో నాన్నగారి కాలం నుంచి నడుస్తున్న మెషిన్ షాపు మాది, చేతినిండా పని ఉన్నా బ్యాంకు వాయిదాలు కట్టలేకపోతున్నాం, ఏం చేయాలని అడిగారు. పని ఉండి డబ్బు లేదంటే, రావాల్సిన బాకీలు ఎక్కడో ఇరుక్కున్నట్టే.

ముందు బ్యాంకుకి వెళ్ళండి, రేపే. వాయిదా బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, ఆ తర్వాత కొత్త అప్పు పుట్టడం చాలా కష్టం. ఈలోపే అడిగితే వాయిదాలు సర్దే వీలుంటుంది. చాలామంది మొహం చెల్లక మేనేజర్‌ని తప్పించుకు తిరుగుతారు. దయచేసి ఆ పని చేయకండి.

ఇక కస్టమర్ల నుంచి మీకు రావాల్సిన బాకీల సంగతి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉంటే, చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం మీ వైపే ఉంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించి గడువు పెట్టకూడదు, ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే కస్టమర్ మీకు ఆర్బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఇలాంటి బాకీల తగవులు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో మీరు గెలిస్తే, ఆ తీర్పుని కోర్టులో సవాలు చేయడానికి అవతలివాళ్ళు తీర్పు మొత్తంలో 75 శాతం ముందే జమ చేయాలి. పాత కస్టమర్ దూరమవుతాడనే భయం నాకు అర్థమవుతుంది, అందుకే మొదట ఈ చట్టాన్ని గుర్తుచేస్తూ మర్యాదగా ఒక ఉత్తరం రాయండి.

ఇల్లు తాకట్టు పెట్టేముందు తెలంగాణ ఇండస్ట్రియల్ హెల్త్ క్లినిక్‌ని కూడా కలవండి. కష్టాల్లో ఉన్న చిన్న యూనిట్ల కోసమే దాన్ని పెట్టారు.