సెలవులకి ఇంటికి గిటార్ మోసుకెళ్ళాలా? మోసుకెళ్ళండి, కానీ సాధన కోసం కాదు

ఉద్యోగంలో చేరాక ఇవే మొదటి పండగ సెలవులు, ఇంటి నిండా చుట్టాలు, సాయంత్రాలు ఫ్రెండ్స్, మధ్యలో ఆఫీసు కాల్స్. కొన్ని నెలలుగా నేర్చుకుంటున్న గిటార్ ఈ గోలలో మూలపడుతుందేమో, అసలు తీసుకెళ్ళడమే దండగేమో అని ఒకరు అడిగారు. నేను చాలా ఏళ్ళుగా ప్రతి సెలవులకీ వెంట తీసుకెళ్తున్నాను. నాకు అర్థమైంది ఏంటంటే, సాధన వేరు, వాయించడం వేరు. ఇంటి నిండా మనుషులున్నప్పుడు సాధన కుదరదు, పట్టుబట్టి కుదర్చాలని చూస్తే గొడవలే. వాయించడానికి మాత్రం అంతకంటే మంచి అదను ఏడాదిలో దొరకదు.

తలుపేసుకుని ఒకే స్కేలు (వరసగా పలికే స్వరాలు) ముప్పావుగంట పైకీ కిందకీ వాయిస్తుంటే బయట కూర్చున్నవాళ్ళకి తలనొప్పి. పైగా "వచ్చేదే ఎప్పుడో, వచ్చాక కూడా గదిలోనే" అని అమ్మ అనకుండా ఉండదు. పొద్దున్నే అందరూ లేవకముందు ఓ పది నిమిషాలు చాలు. బ్రిడ్జి (గిటార్ పొట్ట మీద తీగలు బిగించే చెక్క) దగ్గర తీగల కింద చిన్న గుడ్డ మడత దోపితే శబ్దం బాగా తగ్గుతుంది. తాళం కొట్టే మెట్రోనోమ్‌ని 60లో, అంటే నిమిషానికి అరవై దెబ్బల్లో పెట్టుకుని కార్డ్ మార్పులు, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటే పట్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం, చేసుకోండి. వేళ్ళ చివర్లు మెత్తబడకుండా ఉంటే అదే పదివేలు, కొత్త పాఠం జోలికి పోవద్దు.

ఇక అసలు సంగతి. ఏ ఇంట్లో చూసినా పాడే గొంతు ఒకటుంటుంది. మా ఇంట్లో అత్తయ్య. పాడమంటే "నాకేం వచ్చురా" అంటుంది. ఎవరూ అడగనప్పుడు మాత్రం బట్టలు మడతపెడుతూ చరణం మధ్యలోంచి ఎత్తుకుంటుంది. అప్పుడు మెల్లగా గిటార్ పట్టుకుని వెళ్ళి పక్కన కూర్చోవాలి. "ఆగు అత్తయ్యా, మొదట్నుంచి పాడు" అన్నామా, అయిపోయినట్టే. ఆవిడ శృతికి మనం వెళ్ళాలి తప్ప మనకొచ్చిన కార్డ్స్‌కి ఆవిడని లాగకూడదు. సినిమా పాటల్లో చాలావాటికి రికార్డింగులో ఉన్న శృతి మామూలు గొంతులకి అందదు. పై స్థాయికొచ్చేసరికి గొంతు చీలుతుంది, ఎవరో నవ్వుతారు, ఆ మనిషి ఇక ఆ సెలవుల్లో నోరు విప్పదు.

శృతి పట్టడం పెద్ద విద్యేం కాదు. చాలా పాటల్లో పల్లవి చివర గొంతు వచ్చి ఆగే చోటే షడ్జమం, అంటే స. దాన్ని లావు తీగ మీద ఒక్కో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) జరుగుతూ వెతకండి, ఒక్కో ఫ్రెట్ ఒక్కో సెమిటోన్, అంటే పక్క స్వరానికి ఒక్క మెట్టు. ఆడవాళ్ళ గొంతు ఎక్కువగా జీ, జీ షార్ప్, ఏ దగ్గర కూర్చుంటుంది, అంటే మన కర్ణాటక సంగీతం లెక్కలో ఐదు నుంచి ఆరు శృతి. మగవాళ్ళది సీ నుంచి డీ దాకా, అంటే ఒకటి నుంచి రెండు. ఇక్కడ కాపోతో, అంటే మెడకి బిగించి తీగలన్నిటి శృతీ ఒకేసారి పెంచే క్లిప్పుతో, ఒక సుళువుంది. దాన్ని మొదటి ఫ్రెట్‌లో పెట్టి జీ కుటుంబం కార్డ్స్ (జీ, సీ, డీ, ఈ మైనర్) పడితే జీ షార్ప్ పలుకుతుంది, అత్తయ్యకి సరిగ్గా సరిపోతుంది. రెండో చరణం మామయ్య అందుకుంటే కాపో కదపక్కర్లేదు, సీ కుటుంబానికి మారితే సీ షార్ప్. జీ ఉన్నచోట సీ, సీ ఉన్నచోట ఎఫ్, డీ ఉన్నచోట జీ, ఈ మైనర్ ఉన్నచోట ఏ మైనర్. ఒకే వేలితో తీగలన్నీ నొక్కాల్సిన ఎఫ్ బారె ఇంకా పట్టుబడకపోతే దానికి దగ్గరగా ఉండే, పట్టడం తేలికైన ఎఫ్ మేజర్ సెవెన్‌తో నెట్టుకురండి, చుట్టాల్లో ఎవరూ పట్టుకోరు.

అమ్మమ్మ లాంటివాళ్ళు బాగా గమకాలున్న పాట ఎత్తుకుంటే కార్డ్స్ మాటే మర్చిపోండి. షడ్జమం, పంచమం (స, ప) మాత్రం తంబురాలా మీటుతూ ఉండండి. నా లెక్కలో అక్కడ కార్డ్ వేసి పాట చెడగొట్టడం కంటే ఊరికే వింటూ కూర్చోవడం నయం.

ఫ్రెండ్స్‌కి ఇవేం అక్కర్లేదు. వాళ్ళకి కావాల్సింది గోల. నాలుగు కార్డ్స్, అందరికీ తెలిసిన పల్లవులు కొన్ని ఉంటే చాలు, చరణాలు ఎలాగూ ఎవరికీ రావు. ఒక సాయంత్రం ముందే ఖరారు చేసుకోండి. రోజూ రమ్మంటే రోజూ వెళ్ళక్కర్లేదు, తర్వాత ఇంట్లో మాటలు పడేది మీరే. రెండు గుంపుల్నీ ఒకచోట చేర్చాలని కూడా చూడకండి. ఫ్రెండ్స్ ఉన్నారంటే అత్తయ్య పాడదు, అత్తయ్య ఉందంటే ఫ్రెండ్స్ బుద్ధిమంతులైపోతారు.

ఆఫీసు విషయానికొస్తే, మీది సాఫ్ట్‌వేర్ అయి, సెలవులు ఏడాది చివర పడితే, అప్పుడు చాలా టీముల్లో కొత్త మార్పులు విడుదల చేయడం ఆపేస్తారు కాబట్టి ఆన్‌కాల్ (ఏదైనా ఆగిపోతే వెంటనే అందుకోవాల్సిన వంతు) పడినా ఫోన్ మోగడం తక్కువే. వంతు తప్పదంటే సెలవుల మొదట్లోనే అడిగి తీసుకోండి, చుట్టాలంతా దిగేసరికి మీ పని అయిపోతుంది. "పదకొండు నుంచి పన్నెండు దాకా కాల్" అని ముందే చెప్తే ఎవరూ ఏమీ అనరు. రోజంతా లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నలుగురి మధ్య కూర్చుంటేనే బాబాయి ఎత్తిపొడుపులు మొదలెడతాడు. అందులో తప్పేం లేదు కూడా.

మోసుకెళ్ళేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. కొత్త తీగలు బయల్దేరే రోజు వేయకండి, అవి సాగడం ఆగేదాకా శృతి నిలవదు. ఎండలో ఆపిన కారు డిక్కీలో గిటార్ వదలొద్దు, వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జి లేచిపోగలదు. ఎక్కువగా సన్న తీగే ముందు తెగుతుంది, అదొకటి అదనంగా పెట్టుకోండి. ఫోన్లో ట్యూనర్ ఉంది కదా అంటారేమో, ఇంటి నిండా జనం మాట్లాడుతుంటే దానికి మన తీగ వినపడదు. గిటార్ తల దగ్గర తగిలించే క్లిప్ ట్యూనర్ కొనుక్కోండి. అది చెక్క అదురు చూస్తుంది కాబట్టి చుట్టూ ఎంత గోలున్నా పనిచేస్తుంది. దాని అవసరం మీరనుకున్నదానికంటే ఎక్కువే పడుతుంది, చుట్టాల పిల్లలు తీగలు బిగించే ఆ మరలు తిప్పకుండా వదలరు.