టెక్ సందేహాలు: గోడ అచ్చం నిజంలా ఉంది, మరి కాలిస్తే పగలదేం?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా షూటింగ్ గేముల మీదే. సెలవులు కదా, అర్థం చేసుకోగలను. ప్రింటర్లు, ఆధార్ లింకుల సందేహాలు పంపినవాళ్లు వచ్చే వారం దాకా కాస్త ఓపిక పట్టండి.

అన్నా, ఇంట్ల బతిమాలి ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ కార్డు ఉన్న లాప్‌టాప్ కొనిపిచ్చుకున్న. కొత్త గేము వేస్తే బొమ్మ అదిరిపోయింది, గోడ మీద లేచిన పెచ్చులు కూడా కనబడుతున్నయి. కానీ రాకెట్ కొట్టినా ఆ గోడ పగలదు. కుండను కాలిస్తే మరక పడుతది, అంతే. మా అన్న పాత కంప్యూటర్‌ల ఆడిన హాఫ్ లైఫ్ 2ల అన్నీ ఎగిరిపడేటివి. సెట్టింగ్ ఏమన్న తప్పు పెట్టిన్నా?
— డిగ్రీ విద్యార్థి, నల్లగొండ

సెట్టింగ్‌లో తప్పేం లేదు తమ్ముడూ. ఆ గోడ పగలకూడదని గేము చేసినవాళ్లే అనుకున్నారు. కంటికి నిజంలా కనబడటం వేరు, చెయ్యి వేస్తే నిజంలా స్పందించడం వేరు. గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టిన డబ్బు మొదటిదానికే పనికొస్తుంది. పెళ్లి మండపం వెనక థర్మాకోల్ కోట ఫొటోలో ఎంత బాగా పడినా దాని తలుపు తెరుచుకోదు. చాలా గేముల్లో పరిసరాలు ఆ కోట బాపతే.

దీనికి పెద్ద కారణం వెలుతురు. ఏ దీపం కాంతి ఏ గోడ మీద ఎంత పడుతుంది, అక్కణ్నుంచి తిరిగి ఎటు పోతుంది అన్నది ప్రతి ఫ్రేముకూ, అంటే స్క్రీన్ మీద మారే ఒక్కో బొమ్మకూ లెక్కగట్టడం చాలా బరువైన పని. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కోదానికి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లే. అందుకే 1996లో వచ్చిన క్వేక్ కాలం నుంచీ ఒక ఉపాయం నడుస్తోంది. ఆ లెక్కంతా గేము తయారయ్యేటప్పుడే చేసేసి, వెలుగునీడల్ని ఫైల్లో దాచిపెట్టి, గోడల మీద పరిచేస్తారు. ఇప్పుడు ఆ గోడ కూలిందనుకోండి. గోడ పోయినా దాని నీడ నేల మీద అలాగే ఉండిపోతుంది, పడిన కంతలోంచి లోపలికి ఎండ రాదు. అంటే అందం కోసం చేసిన పనే గోడను కదలనివ్వకుండా కట్టేసింది. 2022లో విడుదలైన అన్‌రియల్ ఇంజిన్ 5 అనే గేము తయారీ సాఫ్ట్‌వేర్‌లోని లూమెన్ లాంటివి వెలుతురును అప్పటికప్పుడే లెక్కగడతాయి కాబట్టి ఈ చిక్కు ఇప్పుడిప్పుడే సడలుతోంది. అయితే వాటికి కార్డు గట్టిది కావాలి.

ఇక రెండోది డిజైనర్ గోడు. 2001లో వచ్చిన రెడ్ ఫ్యాక్షన్‌లో రాకెట్లతో రాతిని తొలుచుకుంటూ పోవచ్చు. ఆడేవాడికి సంబరమే. కానీ ఎవరి దారి వాళ్లే తవ్వుకుంటే తాళం వేసిన తలుపుకూ, దాని ముందు నిలబెట్టిన కాపలాకూ పనేముంటుంది? ఆరు నెలలు కూర్చుని అల్లిన లెవెల్‌ను ఎవడో ఒక్క రాకెట్‌తో దాటేస్తే ఏ డిజైనర్‌కైనా కడుపు మండుతుంది.

2004 నాటి హాఫ్ లైఫ్ 2 తెలివి ఇక్కడే కనబడుతుంది. అందులో భవనాలు చాలావరకు మొండిగా నిలబడే ఉంటాయి. డబ్బాలు, పెట్టెలు, పీపాల లాంటి చిన్న వస్తువులకు మాత్రం హావోక్ అనే ఫిజిక్స్ సాఫ్ట్‌వేర్‌తో బరువు ఇచ్చారు. ఆట మొదట్లోనే ఒక పోలీసు ఖాళీ డబ్బాను లాఠీతో కింద పడేసి, తీసి చెత్తబుట్టలో వెయ్యమంటాడు. వేస్తే పోనిస్తాడు. అదే డబ్బాను వాడి ముఖాన కొడితే లాఠీ ఎత్తి వెంటపడతాడు. ఇంకొంచెం ముందుకెళ్తే ఊగే పలక ఒకటి వస్తుంది. దాని ఒక చివర సిమెంటు ఇటుకలు పేర్చి, రెండో చివర పైకి లేచాక దాని మీంచి ఎక్కాలి. ఈ రెండు పనులూ చేశాక గోడలు పగలవన్న సంగతే మనకు గుర్తుకు రాదు. నా మటుకు నేను వాన చినుకులో నియాన్ లైటు మెరుపు కన్నా ఆ డబ్బానే ఎక్కువ నిజమంటాను.

కూల్చాలనే సరదా ఉంటే 2023లో వచ్చిన ద ఫైనల్స్ ఉచితం. అందులో ఇళ్లకు ఇళ్లే కుప్పకూలుతాయి. 2015 నాటి రెయిన్‌బో సిక్స్ సీజ్‌లో పల్చటి గోడలూ చెక్క నేలలూ పగులుతాయి, గట్టి గోడలు పగలవు. ఏది పగులుతుందో తెలుసుకోవడమే అక్కడ సగం ఆట. కౌంటర్ స్ట్రైక్ 2లో మ్యాపు దాదాపు కదలదు గానీ పొగ మాత్రం ప్రాణమున్నట్టే ఉంటుంది. గది ఆకారాన్ని బట్టి నిండుతుంది, తలుపులోంచి బయటికి పాకుతుంది, బుల్లెట్లు పోయిన దారిలో కాసేపు సందు ఇస్తుంది, గ్రెనేడ్ పేలితే చెదిరి మళ్లీ మూసుకుంటుంది. అదీ ఉచితమే.

ఫ్రెండ్స్‌తో ద ఫైనల్స్ ఆడుతున్నాను. గోడ కూలడం ఒక్కోసారి ఆలస్యంగా కనిపిస్తోంది. గ్రాఫిక్స్ బాగా తగ్గించి పెట్టినా అంతే.
— మిర్యాలగూడ

గ్రాఫిక్స్‌తో దీనికి సంబంధం లేదు. అందులో గోడ ఎలా కూలాలో తేల్చేది మీ కంప్యూటర్ కాదు, కంపెనీ సర్వర్. ఎవరి కంప్యూటర్ వాళ్లే కూల్చుకుంటే, మీరు దాక్కున్న శిథిలం అవతలివాడి స్క్రీన్‌లో లేకుండా పోతుంది. కబురు సర్వర్ నుంచి రావాలి కాబట్టి పింగ్, అంటే కబురు సర్వర్‌కు పోయి రావడానికి పట్టే సమయం, ఎంతుందో చూసుకోండి. వైఫై వదిలి రూటర్ నుంచి కేబుల్ పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఇళ్ల మధ్య ఆడితే 70 ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు) వస్తుంది సార్. చెట్లున్న మ్యాపులోకి పోగానే 35కి పడిపోతుంది. 8 జీబీ ర్యామ్ ఉంది, పెంచితే సరిపోతుందా?
— మహబూబ్‌నగర్

కొనే ముందు ఒక పరీక్ష. విండోస్ కీ, జీ కలిపి నొక్కితే పర్ఫామెన్స్ పట్టీ వస్తుంది. ఎఫ్‌పీఎస్ పడిపోయిన చోటే నిలబడి జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు, ఎంత వాడకంలో ఉందో చూడండి.

95 శాతం దాటితే తప్పు ఆకులది. గేముల్లో ఆకుల గుత్తి సాధారణంగా విడి ఆకులు కాదు, మధ్య మధ్య పారదర్శకంగా ఉండే పల్చటి రేకు. రేకు వెనక రేకు, దాని వెనక ఇంకొకటి, స్క్రీన్ మీద అదే చోటును కార్డు మళ్లీ మళ్లీ గీయాలి. పైగా అన్నింటికీ నీడలు. మీ పిల్లలమర్రిని ఉన్నదున్నట్టు గేములో పెట్టమంటే ఆ ఇంజినీరు సెలవు చీటీ రాసిచ్చి వెళ్లిపోతాడు. షాడోస్, ఫోలియేజ్, ఫాగ్ మీడియంకు దించండి. టెక్స్చర్ల (వస్తువుల మీద పరిచే బొమ్మల) జోలికి పోవద్దు, వాటి వల్ల ఇక్కడ పెద్దగా తేడా రాదు. బొమ్మను చిన్నగా గీసి పెద్దది చేసే డీఎల్ఎస్ఎస్ గానీ ఎఫ్ఎస్ఆర్ గానీ ఉంటే క్వాలిటీలో పెట్టండి.

జీపీయూ 60 శాతం దగ్గరే ఆగిపోతుంటే మాత్రం సీపీయూ, ర్యామ్‌లను అనుమానించాలి. ఒకే 8 జీబీ ర్యామ్ ముక్క ఉన్న లాప్‌టాప్‌లో అలాంటిదే ఇంకొకటి వేస్తే తేడా కంటికి తెలుస్తుంది. మొదట్లో బాగానే ఉండి పావుగంట తర్వాత అదే చోట తగ్గుతుంటే అది వేడి. మన ఎండల్లో పరుపు మీద పెట్టి ఆడితే ఏ లాప్‌టాపైనా మొండికేస్తుంది. టేబుల్ మీద పెట్టండి, ఫ్యాన్ దుమ్ము తీయించండి.

మా బాబు ఫోన్‌లో పోలీసు ఛాతీ కెమెరాతో తీసినట్టున్న కాల్పుల వీడియో చూసి గుండె ఆగినంత పనైంది. గేమే అంటున్నాడు. నమ్మొచ్చా?
— ఒక తల్లి, వనపర్తి

నమ్మొచ్చమ్మా, అలాంటివి ఉన్నాయి. 2023 ఏప్రిల్‌లో అన్‌రికార్డ్ అనే గేము ట్రైలర్ వచ్చినప్పుడు లోకమంతా ఇదే అనుమానపడింది. తయారుచేసినాయన అన్‌రియల్ ఇంజిన్‌లో ఆ భవనాన్ని తెరిచి, గోడల మధ్య తిరిగి చూపిస్తే గానీ జనం నమ్మలేదు. అందులో కిటుకు గోడల కన్నా కెమెరాలో ఎక్కువ ఉంది. అంచుల్లో వంగిన బొమ్మ, నడకకు ఊగే చూపు, చీకట్లోంచి బయటికి రాగానే తెల్లగా మాడిపోయే వెలుతురు. నాసిరకం కెమెరాను అనుకరిస్తే మన కన్ను ఇట్టే మోసపోతుంది. బాబు వయసెంతో రాయలేదు గానీ స్టోర్ పేజీలో రేటింగ్ చూడండి, ఇలాంటివాటిలో చాలావాటికి 18 ఉంటుంది.

దీనికి తిరగబడ్డ కథ కూడా ఉంది. 2013 నాటి ఆర్మా 3 అనే యుద్ధం గేము దృశ్యాల్ని యుద్ధం వీడియోలని వాట్సాప్‌లో తిప్పుతుంటే, 2022 నవంబరులో ఆ కంపెనీయే గుర్తుపట్టే పద్ధతి చెప్పింది. బొమ్మ మసకగా, చీకటిగా, ఊగుతూ ఉండటం, శబ్దం లేకపోవడం, మనుషులు పెద్దగా కనబడకపోవడం, పొగా మంటా సహజంగా లేకపోవడం. మీ గ్రూపుల్లో ఈసారి యుద్ధం వీడియో వస్తే ఇవి చూడండి.

ఫోన్‌లో ఆడే షూటింగ్ గేము బీజీఎంఐలో స్టైల్ రియలిస్టిక్ పెడితే తలుపులు, అద్దాలు ఇంకా బాగా పగులుతాయా?
— దేవరకొండ

పగలవు. అది రంగుల తీరు మాత్రమే. తలుపులూ కిటికీ అద్దాలూ ఏ స్టైల్‌లోనైనా పగులుతాయి. మామూలు ఫోన్ అయితే గ్రాఫిక్స్ స్మూత్‌లో ఉంచి, ఫ్రేమ్ రేట్ ఎంత పెరిగితే అంత పెంచుకోండి.

పానగల్లు ఛాయా సోమేశ్వర గుడిని గేము లెవెల్‌గా చేద్దామనుకుంటున్నాం. ఫోన్‌తో స్కాన్ చేస్తే సరిపోతుందా? గర్భగుడిలో రోజంతా కదలకుండా కనబడే ఆ స్తంభం నీడ వస్తుందా?
— ఇంజినీరింగ్ విద్యార్థులు, సూర్యాపేట

ఈ వారం నాకు బాగా నచ్చిన ప్రశ్న. రియాలిటీస్కాన్ లాంటి యాప్‌తో గుడి రూపం తేవచ్చు. మబ్బు పట్టిన పూట తీయండి, లేకపోతే ఆనాటి ఎండనీడలు రాతి రంగులోనే కలిసిపోతాయి. ఒక్కో ఫొటోలో ముందు ఫొటో భాగం సగానికి పైగా మళ్లీ రావాలి. అదే ఊళ్లోని పచ్చల సోమేశ్వర గుడి మీద కన్ను పడితే జాగ్రత్త, నున్నగా మెరిసే నల్లరాయి స్కానింగ్‌కు లొంగదు.

స్కాన్ ఇచ్చేది ఒక్క ముద్దగా ఉన్న పైపొర. అందులో గంట మోగదు, తలుపు కదలదు. కదలాల్సినవి బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో విడిగా చేసుకోవాలి, మనిషి గోడలోంచి దూరిపోకుండా సాదా ఆకారాలతో కొలిజన్ వేరే కట్టాలి.

ఇక నీడ. నేరుగా పడే ఎండ వల్ల వచ్చేదైతే అది పొద్దుతో పాటు జరగాలి. రోజంతా గర్భగుడిలో కదలకుండా ఉందంటే, బయట రాళ్లనూ నేలనూ తాకి చెదిరి వచ్చే వెలుతురు స్తంభాల మధ్యలోంచి దూరడమే కారణం. కాబట్టి ఇంజిన్‌లో సూర్యుణ్ని మాత్రం పెట్టి వదిలేస్తే ఆ నీడ రాదు. ముందు స్తంభాల మధ్య దూరాలూ ద్వారాల వెడల్పులూ టేపుతో కొలిచి, సాదా దిమ్మెలతో ఆ హాలు కట్టి, వెలుతురును నిదానంగా, కచ్చితంగా లెక్కగట్టే బ్లెండర్ సైకిల్స్‌లో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం రెండర్ చేసి చూడండి. అక్కడ వస్తే లూమెన్‌లో ప్రయత్నించండి. లూమెన్ చెదిరిన వెలుతురును ఉజ్జాయింపుగా లెక్కగడుతుంది కాబట్టి నీడ అలుక్కుపోయే అవకాశం ఉంది. అప్పుడు ఆ ఒక్క గదికి వెలుతురును ముందే లెక్కగట్టి గోడకు పరిచేయండి. ఎలాగూ గుడి గోడను ఎవరూ పగలగొట్టరు. ట్రైపాడ్ తీసుకెళ్లే ముందు పురావస్తు శాఖవాళ్లను అడిగి అనుమతి తీసుకోండి, రెండర్లు వచ్చాక నాకూ పంపండి.