చైనా పిల్లల్ని పీజీకి సిద్ధం చెయ్యబోతున్న మాధవికి

చి. మాధవికి,
ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లో ప్రీ-సెషనల్ (అంటే పీజీకి ముందు వేసవిలో చెప్పే ఇంగ్లీషు కోర్సు) టీచరుగా ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. క్లాసులో దాదాపు అందరూ చైనా పిల్లలేనట, నీకేమో టెన్షన్‌గా ఉందట. చాలా ఏళ్లు ఆ పనే చేసినవాణ్ణి కాబట్టి నాకు తోచినవి రాస్తున్నాను.

వాళ్లకు ఇంగ్లీషు రాదని అక్కడి స్టాఫ్‌రూమ్‌లో చాలామంది అంటారు. అది సగమే నిజం. ఐఈఎల్టీఎస్‌లో రీడింగ్ బాగానే వస్తుంది, రైటింగ్‌లో అర బ్యాండో ఒక బ్యాండో తగ్గుతుంది. అందుకే పీజీ మొదలయ్యేలోపు వేసవిలో నీ దగ్గరికి వస్తారు. అంతమాత్రాన ఆ కాస్త సమయాన్నీ గ్రామర్‌కి ధారపోయకు. గావోకావోకి (అక్కడి కాలేజీ ప్రవేశ పరీక్ష), తర్వాత కాలేజీలో సీఈటీ-4, సీఈటీ-6 అనే ఇంగ్లీషు పరీక్షలకి వాళ్లు చదివిన గ్రామర్ నువ్వు కూడా చదివి ఉండవు. వాళ్ల చేత ఎవరూ చేయించని పని వేరే ఉంది. పేరున్న ప్రొఫెసర్ రాసిన వ్యాసం చదివి, "ఈ వాదన నాకు నిలబడేలా కనిపించడం లేదు, కారణం ఇదీ" అని రాయడం. పీజీలో మార్కులు పడేది అక్కడే. ముందు దాని సంగతి చూడు.

అది నేర్చుకోడానికి తర్వాత తీరిక దొరకదు. మనవాళ్లు వెళ్లే అమెరికా ఎంఎస్‌లా రెండేళ్లు కాదు, ఇంగ్లండ్ మాస్టర్స్ ఏడాదిలో అయిపోతుంది. మొత్తం 180 క్రెడిట్లు, సాధారణంగా వాటిలో 60 డిసర్టేషన్‌కే, అంటే చివర్లో రాసే పరిశోధన వ్యాసానికే. సెప్టెంబరులో చేరితే క్రిస్మస్ చుట్టుపక్కలే మొదటి వ్యాసాలు ఇచ్చెయ్యాలి. బీజింగ్‌లోని చింగ్‌హువా యూనివర్సిటీ పేరు వినే ఉంటావు. 1911లో అది మొదలైంది అమెరికా చదువులకి పిల్లల్ని తయారుచేసే స్కూలుగానే. విదేశీయుల మీద జరిగిన బాక్సర్ తిరుగుబాటుకి చైనా కట్టిన పరిహారంలో అమెరికా వెనక్కిచ్చిన సొమ్ముతో నడిచింది. అక్కడి పిల్లలకి తయారవడానికి ఏళ్లు దొరికేవి. నీ పిల్లలకి దొరికేది వారాలు.

ఇక క్లాసులో మౌనం. నువ్వు ప్రశ్న వేస్తావు, అందరూ ఒక్కసారిగా తలలు దించుకుంటారు. తెలియక కాదు. పదిమందిలో తప్పు మాట్లాడితే పరువు పోతుందని భయం, మాస్టారి మాటకి ఎదురు చెప్పకూడదన్న మర్యాద. మన బడుల్లో పెరిగినదానివి, ఇది నీకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే ఒకణ్ణి లేపి నిలబెట్టే పని చెయ్యకు. మర్నాటి ప్రశ్న ముందురోజే చేతికివ్వు. క్లాసులో మూడు నిమిషాలు రాసుకోనివ్వు, పక్కవాళ్లతో చర్చించుకోనివ్వు, ఆ తర్వాత "మీ ఇద్దరూ ఏమనుకున్నారు?" అని అడుగు. ఇద్దరి తరఫున చెప్పే మాటకి ధైర్యం ఎక్కువ. అడిగాక కాసేపు ఆగు. ఆ నిశ్శబ్దం భరించలేక టీచర్లే జవాబు చెప్పేస్తుంటారు, పిల్లలు దానికి ఇట్టే అలవాటు పడిపోతారు.

పక్కవాళ్లతో చైనీసులో మాట్లాడుకుంటున్నారని కొందరు టీచర్లు కోప్పడతారు. నేనైతే వదిలేస్తాను. ఆలోచన ముందు తేలనీ, ఇంగ్లీషులోకి తర్వాత వస్తుంది.

వ్యాసాల దగ్గరికొస్తే, మొదటి వారంలోనే "ఆర్థిక వ్యవస్థ అభివృద్ధి చెందుతున్న కొద్దీ", "మనందరికీ తెలిసినట్లుగా" అని మొదలయ్యేవి గుట్టలుగా వస్తాయి. మనం "నేటి ఆధునిక యుగంలో" అని రాసేవాళ్లం చూడు, ఆ బాపతే. కోచింగ్ సెంటర్లలో నేర్చుకున్న అచ్చులవి. ఎగతాళి చెయ్యకు. మొదటి పేరా కొట్టేసి వ్యాసం మళ్లీ చదవమను. ఏమీ పోలేదని వాళ్లకే తెలుస్తుంది.

కాపీ విషయంలో బెదిరింపు కంటే సాధన మేలు. ఒక పేరా చదివి, కాగితం బోర్లా పెట్టి, పక్కవాడికి నోటితో చెప్పి, అప్పుడు రాయమను. రాసినదాన్ని మూలంతో పోల్చి చూసుకోమను. రోజూ చేయించు. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్ చూపించే శాతం మీద వాళ్లకి మహా భయం. ఆ అంకె తగ్గించడానికి మాటలు అటూఇటూ మార్చుతూ కూర్చుంటారు. ఒక రిపోర్టు తెరపై తెరిచి, రిఫరెన్సుల జాబితా కూడా రంగుల్లో వెలుగుతుందని చూపించు, సగం భయం పోతుంది. వ్యాసాలు రాసిపెడతామనే ప్రకటనలు మాత్రం వీచాట్‌లో (మన వాట్సాప్‌లాంటి చైనా యాప్) వస్తూనే ఉంటాయి. అలా రాసి అమ్మడం, అందుకు ప్రకటనలివ్వడం ఇంగ్లండ్‌లో 2022 చట్టంతో నేరమయ్యాయి. కొన్నవాళ్ల సంగతి యూనివర్సిటీ తేలుస్తుంది, చదువే పోవచ్చు. ఈ మాట మొదటి రోజే చెప్పు.

మార్కుల గురించి కూడా ముందే మాట్లాడు. చైనాలో 60 వస్తే పాస్, మంచి విద్యార్థికి 85, 90 మామూలు. ఇంగ్లండ్ మాస్టర్స్‌లో 50కి పాస్, 60కి మెరిట్, 70కి డిస్టింక్షన్. మొదటిసారి 62 చూసి ఏడ్చే పిల్లలుంటారు. పాత వ్యాసాలు రెండు, 62 వచ్చినదీ 72 వచ్చినదీ, మార్కులు దాచి వాళ్ల చేతే దిద్దించు. గంట ఉపన్యాసం కంటే అది నయం.

గూగుల్ స్కాలర్ చైనాలో మామూలుగా తెరుచుకోదు, కాబట్టి లైబ్రరీ డేటాబేసుల్లో వెతకడం మొదటినుంచీ చూపించాలి. పెద్ద అంకెల దగ్గరా ఓపిక పట్టు. వాళ్ల లెక్క పదివేల మీద నడుస్తుంది, మన లెక్క లక్షల మీద. మిలియన్ అనగానే మనం తడబడినట్టే వాళ్లూ తడబడతారు. ఫైనాన్సు పిల్లలకైతే దీనికో గంట కేటాయించు. వీసా, డబ్బు బదిలీ ప్రశ్నలు నీ మీద వేసుకోకు, ఇంటర్నేషనల్ ఆఫీసుకి పంపించు.

అమీర్‌పేట కన్సల్టెన్సీల్లాంటివి చైనాలోనూ వీధివీధికీ ఉన్నాయి. చాలామంది పిల్లల ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకు కావాలో చెబుతూ దరఖాస్తుతో పంపే వ్యాసం) వాళ్లే రాసి ఉంటారు. దాంతో తను ఆ కోర్సు ఎందుకు ఎంచుకున్నాడో పిల్లాడికే తెలియదు. అందుకే మొదటి వారం పని ఇదీ: కోర్సు హ్యాండ్‌బుక్ చదివి, ఏ మాడ్యూళ్లున్నాయి, వాటిలో దేనికి తను భయపడుతున్నాడు, డిసర్టేషన్‌కి ఏ ప్రశ్న తీసుకోవచ్చు అని ఒక పేజీ రాయాలి. తప్పులు దిద్దకు, చదివి రెండు ప్రశ్నలు రాసి తిరిగివ్వు.

పేర్లు. మనలాగే వాళ్లకీ ఇంటిపేరు ముందుంటుంది, రిఫరెన్సుల్లో ఇది గుర్తుంచుకో. ఇంగ్లీషు పేరు పెట్టుకుంటే సరే, లేకపోతే అడగకు. ఎక్స్ అక్షరం కనబడితే 'క్స' అనకు, 'ష'కి దగ్గరగా పలుకు. నిన్ను 'లావోషీ' (టీచర్) అంటారు, అననీ. కానీ రేపు సూపర్‌వైజరు మెయిల్ కింద ఉట్టి పేరు పెడితే, ఆ పేరుతోనే జవాబు రాయొచ్చని మాత్రం చెప్పు.

మొదటి వారం పాఠాల ప్లాన్ రాసుకున్నాక నాకు మెయిల్ చెయ్యి. అందులో గ్రామర్ గంటలు ఎక్కువుంటే కొట్టేసి పంపిస్తాను.

మీ పెదనాన్న