మంచు కొండలకు బయల్దేరుతున్న చిన్నికి

చిన్నీ,

ఉత్తరకాశీలో పర్వతారోహణ బేసిక్ కోర్సుకు దరఖాస్తు పెట్టావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం వేసింది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

భువనగిరి గుట్ట మీద నువ్వు ఎక్కడం నేను దగ్గరుండి చూశాను. వేళ్లలో బలం, పాదం పెట్టే తీరు, ముడి వేశాక ఇంకోసారి తడిమి చూసుకునే అలవాటు అన్నీ కొండల్లో నీకు పనికొస్తాయి. భయాన్ని అదుపులో పెట్టుకోవడం కూడా నీకు వచ్చేసింది. ఏమీ తెలియకుండా వచ్చేవాళ్ల కంటే నువ్వు చాలా ముందున్నావు. నా బెంగంతా ఆ ముందుండటం గురించే.

నేను కోర్సుకు వెళ్లేనాటికి నీలాగే రాతి మీద చెయ్యి తిరిగినవాణ్ణి. మొదటి రోజుల్లో టేఖ్లా బండల మీద రాక్ క్రాఫ్ట్, అంటే రాయి ఎక్కే విద్య, నేర్పుతారు. అక్కడ బ్యాచ్‌లో నాదే పైచెయ్యి. ఆ ఊపులోనే, హిమానీనదం వైపు నడక మొదలయ్యాక రోజూ అందరికంటే ముందు క్యాంపు చేరాలని దౌడు తీశాను. మూడో రాత్రి తల పగిలిపోయే నొప్పి, వాంతులు. చెబితే గ్రేడు పోతుందని ఎవరికీ చెప్పలేదు. తెల్లారి టెంట్ బయటికొచ్చి నాలుగడుగులు వేసేసరికి కాళ్లు తడబడ్డాయి. ఇన్‌స్ట్రక్టర్ గారు అది చూసి, ఒక్క మాట కూడా అడక్కుండా మనిషిని తోడిచ్చి కిందికి పంపేశారు. ఆయన చూడకపోయి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. అదే బ్యాచ్‌లో, అంతకుముందు రాయి ముట్టుకోని ఒకతను మెల్లగా నడుస్తూ, దారిపొడవునా నీళ్లు తాగుతూ, ఏ ఇబ్బందీ లేకుండా పైదాకా వెళ్లొచ్చాడు.

ఎత్తుకు నీ చేతి బలంతో పని లేదు. 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో దాదాపు సగమే. దానికి ఒళ్లు అలవాటు పడటానికి రోజులు పడుతుంది, ఎంత ఫిట్‌గా ఉన్నా అంతే. 3,000 మీటర్లు దాటాక ఇవాళ పడుకున్న చోటి కంటే రేపు పడుకునే చోటు 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఆగిపోవాలి. తలనొప్పి వస్తే దాచొద్దు. తగ్గేదాకా పైకి కదలొద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గు పట్టుకున్నా, ఒక కాలి మడమను రెండో కాలి వేళ్లకు ఆనిస్తూ తిన్నగా నడవలేకపోయినా అర్ధరాత్రైనా సరే కిందికి దిగాల్సిందే. డయామాక్స్, అంటే ఎత్తు పడక వచ్చే జబ్బుకు వాడే మాత్ర, గురించి ఇక్కడే డాక్టర్ని అడుగు. సల్ఫా మందులు పడవేమో ముందే చెప్పు. మాత్ర వేసుకున్నాను కదా అని లక్షణాలు ఉండగానే పైకి పోవడం మాత్రం చాలా ప్రమాదం.

ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. బాదామిలో రాతిలో దిగ్గొట్టిన బోల్టు దాటాక కావాలని చెయ్యి వదిలి పడటం ప్రాక్టీస్ చేశావు. పడితే తాడు పట్టుకుంటుందనే నమ్మకం లేనిదే అక్కడ ఎవరూ ముందుకెళ్లరు. మంచు మీద ఆ నమ్మకాన్ని పక్కన పెట్టాలి. అక్కడ ముగ్గురు నలుగురు ఒకే తాడుకు కట్టుకుని నడుస్తారు. మధ్యలో యాంకర్, అంటే తాడును కట్టిపెట్టే ఆధారం, లేని వాలు మీద ఒకరు జారితే ఆ తాడే మిగతావాళ్లనూ లాక్కుపోతుంది. నువ్వు పడకుండా ఉండటమే పక్కవాళ్లకు నువ్విచ్చే బిలే, అంటే తాడు కాపు.

అయినా జారితే వేగం అందుకోకముందే ఆగాలి. ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) తల భుజం దగ్గర, రెండో చెయ్యి కర్ర అడుగున పెట్టి, బోర్లా తిరిగి, ఒంటి బరువంతా వేసి దాని ముక్కును మంచులోకి దించాలి. కాళ్లకు క్రాంపాన్లు (బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్లు) ఉంటే మోకాళ్లు ఆనించి పాదాలు పైకెత్తాలి. ఎత్తకపోతే ఆ ముళ్లు మంచులో పట్టుకుని నిన్ను పల్టీ కొట్టిస్తాయి, చీలమండ విరుగుతుంది. వెల్లకిలా జారుతూ, తల కిందికి పెట్టి జారుతూ, ఎడమ చేత్తో, కుడి చేత్తో, అన్ని రకాలుగా చేయిస్తారు. రెండోరోజుకి ఒళ్లంతా తడిసి విసుగొస్తుంది. అప్పుడు కూడా ఇంకో పదిసార్లు చెయ్యి.

పాదం అలవాటూ మార్చుకోవాలి. రాతి మీద బొటనవేలి అంచున నిలబడటం నీకు ఊపిరి తీసుకున్నంత సులువు. క్రాంపాన్లతో మామూలు వాలు మీద అలా నిలబడకూడదు. పాదమంతా పరిచి, అడుగున ఉన్న ముళ్లన్నీ దిగేలా వెయ్యాలి. రెండు పాదాల మధ్య కాస్త ఎడం ఉంచు, లేదంటే ఒక కాలి ముల్లు రెండో కాలి బట్టకు తగులుకుంటుంది. ఎండెక్కితే మంచు మెత్తబడి క్రాంపాన్ల కింద ముద్ద కడుతుంది. యాక్స్ కర్రతో బూటు పక్కన తట్టి రాల్చుకుంటూ నడవాలి. రాత్రి ఒంటిగంటకో రెండింటికో బయల్దేరేది కూడా ఇందుకే. మంచు గట్టిగా ఉండగానే ఎక్కి, అది వదులవకముందే దిగిపోవాలి. ఎన్నింటికి వెనక్కి తిరగాలో కిందే అనుకుని, శిఖరం చేతికందేంత దూరంలో ఉన్నా ఆ టైముకి తిరిగిపోవాలి.

అక్కడి రాయిని కూడా మన రాయిలా నమ్మకు. మన దక్కన్ గ్రానైట్ కోట్ల ఏళ్ల గట్టిదనం. హిమాలయాల్లో పగుళ్లలో నీళ్లు రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతూ రాయిని విడగొట్టేస్తాయి. పట్టుకునే ముందు అరచేత్తో తట్టి చూడు. గుల్లగా మోగితే వదిలెయ్. లాగకుండా కిందికి నొక్కి పట్టు. హెల్మెట్ తియ్యొద్దు.

సీటు వచ్చేదాకా చేతిలో నెలలున్నాయి. ఈలోగా వేళ్లకు విశ్రాంతి ఇచ్చి కాళ్లకు పని పెట్టు. బ్యాగులో నీళ్ల సీసాలు పెట్టుకుని భువనగిరి కోట మెట్లు ఎక్కు, పైన నీళ్లు పారబోసి దిగు, మోకాళ్లు దక్కుతాయి. పది కిలోలతో మొదలుపెట్టి మెల్లగా ఇరవైకి రా. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నిదానంగా ఎక్కు, కానీ గంటల తరబడి ఎక్కు. ఇంట్లో బకెట్లో ఐసు నీళ్లు పోసి రెండు నిమిషాలు చేతులు ముంచి, మందపాటి గ్లవ్స్ వేసుకుని, లైటు తీసేసి ఫిగర్ ఎయిట్ ముడి వెయ్యి. వెయ్యగలిగితే నీకు ముడి వచ్చినట్టు.

ఎక్కే సామాను ఏదీ కొనకు, అక్కడ ఇస్తారు. పైన ఆకలి చచ్చిపోతుంది. నీ నోటికి ఎప్పుడూ సహించేవి, పల్లీ చిక్కీ, కారప్పొడి, కొంచెం పట్టుకెళ్లు.

ఏ అనుభవం లేకపోయినా 6,000 మీటర్లు ఎక్కిస్తామనే ప్రకటనలు చూసి తొందరపడకు. ముందు బేసిక్‌లో ‘ఎ’ (A) గ్రేడు తెచ్చుకో, తర్వాతి అడ్వాన్స్ కోర్సుకి అదే కావాలి. ఆ తర్వాత మనాలి దగ్గర ఫ్రెండ్‌షిప్ పీక్ లాంటిది, 5,289 మీటర్లది, తెలిసినవాళ్లతో ఎక్కు. మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిందని అందరూ చెబుతారు. ఆ పిల్ల నువ్వు ఎక్కిన ఇదే భువనగిరి రాతి మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో శిక్షణ, లడఖ్ చలి దాటాకే అక్కడికి వెళ్లింది.

నిన్ను భయపెట్టాలని కాదు గానీ ఇది కూడా తెలిసి వెళ్లు. 2022 అక్టోబర్ 4న అక్కడే, ద్రౌపదీ కా దండా శిఖరం మీద మంచు చరియలు విరిగిపడి ఇరవై మందికి పైగా పోయారు. ఆ ఏడాది మే నెలలోనే ఎవరెస్ట్, మకాలు ఎక్కొచ్చిన సవితా కన్స్వాల్ కూడా వాళ్లలో ఉంది. అందుకే మంచు గురించి ఇన్‌స్ట్రక్టర్లు చెప్పే క్లాసులో నోట్సు రాసుకో. వాలు 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉందా, రాత్రి కొత్త మంచు ఎంత పడింది, గాలి ఎటునుంచి వీచింది అని రోజూ నీకు నువ్వే అడుక్కో. అనుమానం వస్తే అందరి ముందూ పైకి చెప్పు. కొత్తదాన్ని కదా అని ఊరుకోకు.

వచ్చే ఆదివారం ఇంటికి రా. అటక మీద నా ఐస్ యాక్స్ ఉంది, దించి తుడిచి పెట్టాను. పట్టుకోవడం ఇక్కడే నేర్పుతాను. నా పాత తాడు మాత్రం అడక్కు, అది ఇప్పుడు బట్టలు ఆరేసుకోవడానికే. మందపాటి సాక్స్ తెచ్చుకో, పెద్దమ్మ బూట్లు నీ కాలికి సరిపోతాయేమో చూద్దాం.

నీ పెదనాన్న