పాత క్యాంపర్ ట్రైలర్ కొన్న మేనకోడలికి

చి. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

పాత క్యాంపర్ ట్రైలర్, అదే కారు వెనక తగిలించుకుని వెళ్లి లోపలే పడుకునే బండి, కొన్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కర్టెన్లకు గుడ్డ కూడా కొనేశావట. మంచిదే, దాన్ని మడత విప్పకుండా బీరువాలో పెట్టు. దాని వంతు రావడానికి చాలా టైముంది. 1960ల నాటి బండి అంటే ఇన్నేళ్ల వానలూ దాని నెత్తిన పడ్డాయి. పైకి ఎంత ముద్దుగా ఉన్నా ఎక్కడో ఒకచోట నీళ్లు దిగే ఉంటాయి. చుక్క కూడా కారదని అమ్మినవాళ్లు చెప్పారంటే, వాళ్లు మంచం కింద తల పెట్టి చూడలేదన్నమాట.

ముందు ఆ బండిని ఎలా కట్టారో అర్థం చేసుకో. ఆ కాలపు చిన్న ట్రైలర్లు చాలావరకు లోపలి నుంచి బయటికి కట్టినవి. ఇనుప ఛాసిస్, దాని మీద ప్లైవుడ్ నేల, నేల మీద పల్చటి ప్లైవుడ్ గోడలు, అలమరలు, సోఫా పెట్టెలు. ఆ గోడలకు బయటి వైపు సన్నటి చెక్క బద్దలు, బద్దల మధ్య వైర్లు, ఎండా చలీ ఆపే ఇన్సులేషన్. అన్నీ అయ్యాక చివర్లో అల్యూమినియం రేకు తొడిగారు. అలమరల స్క్రూలు కూడా చాలాచోట్ల బయటి నుంచే బిగించి ఉంటాయి. రేకు కింద దాక్కుని ఉంటాయి కాబట్టి లోపల నిలబడి ఎంత వెతికినా కనపడవు. ఇది తెలియక జనం ప్రై బార్ (పెరికే ఇనుప కడ్డీ) పెట్టి అలమరను పెరికేస్తారు, చెక్క చీలిపోతుంది. పైగా ఆ అలమరలూ అడ్డగోడలూ ఉత్త సామాను పెట్టుకునేవి కావు. బండి ఆకారాన్ని నిలబెట్టేది అవే. వాటన్నిటినీ ఒకేసారి తీసేస్తే పైకప్పు కుంగుతుంది, పక్కగోడలు ఒరుగుతాయి. తర్వాత తలుపు చట్రంలో కూర్చోదు.

కాబట్టి లోపల జోలికి పోకు. బయటి నుంచి రా. రేకు విప్పు, కుళ్లిన బద్ద మార్చు, మళ్లీ రేకు వెయ్యి. లోపలి పాత ప్లైవుడ్, అలమరలు అలాగే మిగులుతాయి. పాత బండి కొన్నది ఆ పాతదనం కోసమే కదా!

ఎంత కుళ్లిందో తెలుసుకోవడానికి రేకు విప్పనక్కర్లేదు. తలుపు మూసి రెండు రోజులు ఉంచి తెరువు. ముక్కిపోయిన వాసన ఏ మూల నుంచి వస్తోందో అక్కడ మొదలుపెట్టు. ముందు కిటికీ కింద, వెనక మంచం కింద మూలలు, పైకప్పు వెంట్ చుట్టూ, బండి పక్కన వెలిగే చిన్న దీపాల వెనక. నీళ్లు దిగేది ఎక్కువగా ఈ చోట్లే. గోడ మీద టీ రంగు చారలు కనిపిస్తే అవి కిందికి ఎక్కడిదాకా వెళ్లాయో చూడు. సన్నటి స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. గట్టి చెక్క ఎదురు తిరుగుతుంది, చివికినది తడిసిన రస్కులా లోపలికి దిగిపోతుంది. తేమ చూసే మీటరు కొంటే ఇంకా మంచిది. 20 శాతం దాటిన చోట అనుమానించు. ఒక మాట: నీళ్లు పైన దిగి కింద కుళ్లబెడతాయి. నేల మూల మెత్తబడిందంటే తప్పు నేలది కాదు, దాని పైనున్న కిటికీదో, పైకప్పు అంచుదో అయి ఉంటుంది. అది పట్టుకోకుండా కొత్త నేల వేస్తే కొన్నాళ్లకు అదీ పోతుంది.

మీది ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ వాళ్ల దాని లాంటి, రేకులను రివెట్లతో బిగించిన బండి అయితే లెక్క వేరు. దాని గోడల్లో చెక్క ఉండదు, చట్రమూ అల్యూమినియమే. అయినా నేల మాత్రం ప్లైవుడ్డే, అంచులు కుళ్లేది కూడా అక్కడే. మీ అమ్మ చెప్పిన ఆకారాన్ని బట్టి మీది చెక్క చట్రమే అనుకుంటున్నాను.

విప్పేటప్పుడు ఓపిక కావాలి. ప్రతి దానికీ ముందు ఫొటో, తర్వాత ఒక నంబరు. కిటికీలకు, మూలల పట్టీలకు, ఆఖరికి స్క్రూల డబ్బాలకు కూడా. మూలల పట్టీల్లో స్క్రూలను కప్పుతూ ఒక సన్నటి వినైల్ (మెత్తటి ప్లాస్టిక్) పట్టీ ఉంటుంది, దాన్ని లాగేస్తే స్క్రూలు బయటపడతాయి. రేకును మడతపడనివ్వొద్దు. ఒకసారి నొక్కుపడితే ఆ గీత మళ్లీ పోదు. పెద్ద రేకు దించేటప్పుడు ఇద్దరు ఉండాల్సిందే, అల్లుడు గారిని ఆ రోజు సెలవు పెట్టమను. ఒక పక్క విప్పి, బాగుచేసి, మూసిన తర్వాతే రెండో పక్కకు వెళ్లు. విప్పిన పక్కకు మూల నుంచి మూలకు ఏటవాలుగా ఒక బద్ద కొట్టి ఉంచితే చట్రం ఒరగదు.

రేకు కింద ఎలుకల గూళ్లు కనిపిస్తే ఊడ్చేయకు. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, క్రిమిసంహారక మందు కలిపిన నీళ్లు చల్లి తడిపి, గుడ్డతో ఎత్తెయ్. ఎండిన పెంట దుమ్ము పీలిస్తే హంటా వైరస్ లాంటి జబ్బులొస్తాయి. పాత పెయింటును కూడా పొడిగా గీకొద్దు. అమెరికాలో ఇళ్ల పెయింటులో సీసాన్ని నిషేధించిందే 1978లో. అంతకు ముందుది ఏదైనా సీసం ఉందనుకునే పని చేయాలి. పాత నేల పలకల్లో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా పగలగొట్టకు. గట్టిగా అతుక్కుని ఉంటే దాని మీదే కొత్త షీటు పరిచెయ్యడం నయం.

ఇప్పుడు బద్దలు. కుళ్లిన బద్దను పారేయకు, అదే నీకు కొలత. పైకప్పు వంపు దగ్గర ముక్కలైతే మరీ జాగ్రత్త, ఆ వంపు గీసుకోవడానికి వేరే ఆధారం ఉండదు. అట్ట మీద పెట్టి గీసుకో. ఫ్యాక్టరీలో బద్దలను ఉత్త స్టేపుల్ పిన్నులతో కలిపేశారు. నువ్వు వాటర్‌ప్రూఫ్ జిగురు పెట్టి స్క్రూలు బిగించు, ఫ్యాక్టరీ పని కంటే నీదే గట్టిగా ఉంటుంది. మెత్తబడ్డ చెక్కలోకి ఎపాక్సీ జిగురు పోసి గట్టిపరుస్తామని చాలామంది చెబుతారు. చిన్న అలంకారపు ముక్కకు సరే, బరువు మోసే బద్దకు నేను ఒప్పుకోను. కోసి కొత్తది వెయ్యి. ఇంకోటి, చెదపట్టదని చెప్పి రాగి మందు పట్టించిన కలప అమ్ముతారు. అల్యూమినియం రేకుకు తగిలేచోట అది వాడొద్దు. తేమ తగిలితే కలపలోని రాగి ఆ అల్యూమినియాన్ని తినేస్తుంది. మామూలు పొడి కలప చాలు. నీళ్లు రాకుండా చూసుకుంటే ఏ కలపైనా నిలుస్తుంది.

పైకప్పు విప్పినప్పుడు ఒక ఉపకారం చేసుకో. పాత బళ్ల కప్పులు మధ్యలో కుంగి ఉంటాయి, నీళ్లు నిలిచేది అక్కడే. కొత్త బద్దలు వేసేటప్పుడు మధ్యలో కొంచెం ఎత్తు పెట్టు, నీళ్లు రెండు పక్కలకూ జారిపోతాయి. ఇన్సులేషన్‌కు పాత ఫైబర్‌గ్లాస్ మళ్లీ వాడకు, అది తడిని పట్టుకుని కూర్చుంటుంది. గట్టి ఫోమ్ షీట్లు కోసి సరిపెట్టు. రేకు మూసే ముందు కొత్త వైర్లు లాగేసుకో. ఇప్పుడు పది నిమిషాల పని, రేకు వేశాక అసాధ్యం.

ఇక అతి ముఖ్యమైనది, అతుకుల్లోంచి నీళ్లు దిగకుండా సీలు చేయడం. ఈ ఉత్తరంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకో: సిలికాన్ సీలెంటు వాడకు. అది కొన్నాళ్లకు రేకు నుంచి విడిపోతుంది. విడిపోయాక దాని జిడ్డు మీద వేరే సీలెంటు ఏదీ అంటుకోదు, గీకితే ఓ పట్టాన రాదు. పాత యజమాని ప్రేమగా పూసిన సిలికాన్‌ను గీకడానికే నీకు ఎక్కువ రోజులు పడతాయి చూడు. నీకు కావలసింది బ్యుటైల్ టేపు, మెత్తటి రబ్బరు జిగురు పట్టీ. అది గట్టిపడదు, ఎండకు రేకు సాగినా చలికి ముడుచుకున్నా దానితో పాటే కదులుతుంది. కిటికీ అంచు వెనక, మూలల పట్టీ వెనక, వెంట్ కింద, దీపాల వెనక పరిచి స్క్రూలు బిగించు. స్క్రూలు ఒకేసారి పూర్తిగా బిగించొద్దు. అన్నీ సగం బిగించి, ఎండ తగిలి టేపు మెత్తబడ్డాక ఇంకో చుట్టు తిప్పు. అంచుల్లోంచి జిగురు కొద్దిగా పొంగుకు రావాలి. రాకపోతే అక్కడ ఖాళీ ఉన్నట్టే. పొంగింది ప్లాస్టిక్ పలకతో కోసెయ్. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి తీసుకో, మామూలు ఇనుపవి తుప్పు పట్టి గోడ మీద చారలు కారుస్తాయి. రేకులు వేసేటప్పుడు ఎప్పుడూ కిందిది ముందు, పైది దాని మీదికి. నీళ్లు జారే దారిలో అతుకు నోరు తెరిచి ఉండకూడదు.

మూసేశాక పరీక్ష. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట నీళ్ల పైపుతో. కింది నుంచి మొదలుపెట్టి ఒక్కో కిటికీ దగ్గర కాసేపు ఆగుతూ పైకి వెళ్లాలి. పై నుంచి పోస్తే నీళ్లు అంతటా కారి, దిగింది ఎక్కడో తెలియదు. ఇంకో పద్ధతి కూడా ఉంది. కప్పు వెంట్‌లోంచి బ్లోయర్‌తో గాలి లోపలికి నెట్టి, బయట అతుకులకు సబ్బు నీళ్లు రాస్తే కారేచోట బుడగలు వస్తాయి. నాకు ఇదే ఇష్టం, లోపల తడి కాదు.

కరెంటు సంగతి. ఆ కాలపు బళ్లలో ప్లగ్గులకు చాలాచోట్ల ఎర్త్ వైరు ఉండదు. బయట అల్యూమినియం గోడ, కింద తడి నేల. ఇలాంటి చోట ఎర్త్ లేకుండా కరెంటు పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. మెయిన్ లైను ఎలక్ట్రీషియన్‌తోనే కొత్తగా వేయించు. 12 వోల్టుల దీపాల పని నువ్వే చేసుకోవచ్చు, బ్యాటరీ దగ్గర్లోనే ఫ్యూజు పెట్టడం మాత్రం మరిచిపోకు.

గ్యాసు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: తీయించెయ్. పాత రెగ్యులేటరు, పాత రాగి గొట్టాలు, నిద్రపోయే గదిలోనే పొయ్యి. ప్రొపేన్ గ్యాసు గాలికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. వంట బయట చిన్న స్టవ్ మీద చేసుకోండి. పాత పొయ్యిని అందానికి ఉంచుకో. లేదు, గ్యాసు ఉండాలంటావా, లైసెన్సు ఉన్న మనిషితో ప్రెషర్ టెస్టు చేయించి, నేలకు దగ్గరగా గ్యాస్ అలారం, వేరుగా కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించు.

ఛాసిస్ సంగతి నేను ముందే రాయాల్సింది, నువ్వు ముందే చూడాల్సింది కూడా. కారుకు తగిలించే కొక్కెం బార్ బండి అడుగున కలిసేచోట, కమాన్ పట్టీలు వేలాడేచోట పగుళ్లు వస్తాయి. తుప్పు గీకి టార్చి వేసి చూడు. పగులు ఉంటే మంచి వెల్డర్‌కే ఇవ్వు, యూట్యూబు చూసి అల్లుడు గారు మొదలుపెట్టొద్దు. చక్రాల బేరింగులు విప్పి, కడిగి, కొత్త గ్రీజు, కొత్త సీళ్లు వేయించు. టైర్లు కొత్తగా కనిపించినా నమ్మకు. టైరు పక్కన DOT అనే అక్షరాలతో ఉండే కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడు. 2316 అంటే 2016లో 23వ వారం తయారైందని. టైరు పైన గాళ్లు అరగకపోయినా ఆరేళ్లు దాటినవి మార్చెయ్. కొక్కెం చివరి కప్లర్ (కారు వెనకున్న ఇనుప బంతిని పట్టుకునే గిన్నె) మీద సైజు ముద్ర ఉంటుంది, ఆ బంతి సరిగ్గా అదే సైజు ఉండాలి. 2 అంగుళాల కప్లర్‌లో 1 7/8 అంగుళాల బంతి కూర్చున్నట్టే కనిపిస్తుంది, గతుకులో ఎగిరి ఊడిపోతుంది.

లోపలి అలంకారం నీ ఇష్టం, నేను చెప్పేదేం లేదు. బర్చ్ ప్లైవుడ్‌కు పాత బంగారు రంగు కావాలంటే షెల్లాక్ (లక్క వార్నిష్) పూయి. బరువు మాత్రం గుర్తుంచుకో. మందం ప్లైవుడ్, రాతి పలకలు, పెద్ద నీళ్ల ట్యాంకు పెట్టుకుంటూ పోతే ఇరుసు మోయగలిగింది దాటిపోతుంది. అన్నీ సర్దాక వేబ్రిడ్జి మీద తూకం వేయించు. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. అంతకంటే తక్కువైతే వేగంలో బండి అటూ ఇటూ ఊగుతుంది. బరువైన సామాను ఎప్పుడూ ఇరుసుకు దగ్గరగా, కింద పెట్టు.

మొదటిసారి దూరం వెళ్లకండి. ఇంటికి తిరిగి రాగలిగినంత దూరమే. 80 కిలోమీటర్లు నడిచాక ఆగి చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) మళ్లీ బిగించండి, కొత్తగా బిగించినవి వదులవుతాయి. అప్పుడే నాలుగు వేళ్లు చక్రం మధ్యనుండే హబ్ దగ్గర పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగ్ అతిగా బిగిసిందనో, బ్రేకు పట్టేస్తోందనో అర్థం, ఇంకో కిలోమీటరు కూడా నడపకు. నట్ల బిగింపు కొలత, టైర్ల గాలి కొలత ఒక కాగితం మీద రాసి తలుపు లోపల అంటించి ఉంచు. వచ్చే నెల నేను వచ్చినప్పుడు పైకప్పు బద్దలు చూస్తాను, అప్పటిదాకా దాని మీద రేకు వేయకు.

ఇట్లు,
మీ మామయ్య